జింకకు మొక్కజొన్న పొయ్యడం మీద నా పేచీ

టెక్సాస్‌లో సెప్టెంబరు దాటిందంటే పెట్రోలు బంకుల ముందు, పెద్ద కిరాణా కొట్ల గుమ్మాల దగ్గర మొక్కజొన్న బస్తాలు గుట్టలుగా లేస్తాయి. బస్తా మీద కొమ్ముల జింక బొమ్మ, కింద 40 పౌండ్లనో 50 పౌండ్లనో బరువు. కొత్తగా వచ్చిన మనవాళ్లు పశువుల దాణా అనుకుంటారు. నిజానికి అది వేట సామాను. నవంబరు మొదటి శనివారం తుపాకీ సీజన్ మొదలయ్యేలోపు ఆ గింజలు బస్తాల్లోంచి గింజలు చిమ్మే ఫీడర్లలోకి, ఫీడర్లలోంచి నేల మీదకి, అక్కణ్ణుంచి జింకల కడుపుల్లోకి వెళ్లాలి. ఆ తర్వాత జింకలు మన ఫ్రీజర్లలోకి.

ఈ పద్ధతి మీద నాకు పేచీ ఉంది. మామూలుగా ఈ విషయం మీద రెండు రకాల మాటలు వినపడతాయి. తిండి ఆశ చూపించి చంపడం అన్యాయం అంటారు ఒకరు. చట్టం ఒప్పుకుంటోంది కదా, నీకేంటి నొప్పి అంటారు ఇంకొకరు. నేను ఇద్దరితోనూ కలవను. ఎర పెట్టడంలో నాకు పాపమేమీ కనపడదు. ఒకే చోట, రోజూ ఒకే వేళకి, నెలల తరబడి గింజలు పోసి, చుట్టుపక్కల జింకల మూతులన్నీ ఒకే మట్టిలో పెట్టించడంలో ఉంది అసలు తంటా.

"అసలు జింకని చంపడమేంటి?" అని అడిగేవాళ్లకి క్లుప్తంగా చెప్తాను. 1900 నాటికి అమెరికా మొత్తం మీద తెల్లతోక జింకలు 5 లక్షల లోపే మిగిలాయని అంచనా. ఇవాళ సుమారు 3 కోట్లు. ఒక్క టెక్సాస్‌లోనే 50 లక్షల పైన ఉన్నాయి. వాటిని తినే తోడేళ్లు ఇక్కడ ఎప్పుడో పోయాయి. ఇప్పుడు జింకలు చచ్చేది కార్ల కింద పడో, కరువు ఏడాది ఆకలికో, తూటాకో. నేను మాంసం కోసం వేటాడతాను. మా ఇంట్లో జింక కీమా అల్లం, మిరియాలు దట్టించి వండుతాం. ఇష్టం లేనివాళ్లతో నాకు తగాదా లేదు, ఆ చర్చ ఇంకోసారి.

మేం కొంతమందిమి కలిసి లానో కౌంటీలో ఒక రాంచ్, అంటే పశువులు మేపే పెద్ద పొలం, వేట కోసం లీజుకి తీసుకుంటాం. టెక్సాస్ జింకల రాజధాని అని ఆ ఊరు తనకు తానే పేరు పెట్టుకుంది, దానికి తగ్గట్టే జింకలున్నాయి. రాళ్ల నేల, ఓక్ చెట్లు, మెస్కీట్ పొదలు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం కాబట్టి రాయలసీమ వాడికి అక్కడ కొత్తగా ఏమీ అనిపించదు. ఆ పొదల మధ్య అక్కడక్కడా ఖాళీ చేసిన జాగాలో మూడు కాళ్ల మీద నిలబెట్టిన పీపా కనపడుతుంది. అదే ఫీడర్. 55 గ్యాలన్ల డ్రమ్ము, అడుగున చిన్న మోటారు, దానికి తగిలించిన పళ్లెం, పక్కన బ్యాటరీ, టైమరు, పైన అరచేతంత సోలార్ ప్యానెల్. తెల్లారి ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి పళ్లెం కొన్ని సెకన్లు గిర్రున తిరుగుతుంది. గింజలు చుట్టూ చిమ్ముతాయి. దానికి వంద గజాల దూరంలో నాలుగు స్తంభాల మీద ఒక చెక్క గది ఉంటుంది. కిటికీ, కుర్చీ, ఒక్కోసారి హీటర్ కూడా. ఇక్కడ బ్లైండ్ అంటారు. మన చేలో మంచెకి ధనవంతుడైన తమ్ముడు.

బైనాక్యులర్స్ పెట్టుకుని ఆ ఫీడర్ కింద ఏం జరుగుతుందో ఒక్క సాయంత్రం శ్రద్ధగా చూస్తే చాలు. మోటారు చప్పుడు వినగానే జింకలు నడిచి కాదు, పరిగెత్తి వస్తాయి. ముందు పెద్ద ఆడజింకలు. అవి ముందరి కాళ్లెత్తి చిన్నవాటిని తన్ని తరుముతాయి. మూతి నేలకి ఆనించి, పెదవులతో గింజని వెతికి పట్టుకుని, గింజతోపాటు మట్టినీ నాకుతాయి. ముక్కు తడిగా మెరుస్తుంటుంది. ఒకటి తల ఎత్తినప్పుడు నోటి చివర చొంగ తీగలా సాగి తెగి కిందపడుతుంది. అది పక్కకి జరగ్గానే అప్పటిదాకా కాచుకున్న పిల్ల వచ్చి సరిగ్గా అక్కడే మూతి పెడుతుంది. తింటూనే పెంటికలు వేస్తాయి, ఉచ్చ పోస్తాయి. మిగిలిన గింజలు ఆ పెంటికల మధ్యలోనే ఉంటాయి, వాటినీ ఏరుకుని తింటాయి. పీపా చుట్టూ గుండ్రంగా ఒక్క గడ్డిపరక మిగలదు, తొక్కీ తొక్కీ నేల సిమెంటులా బిగిసిపోతుంది. మర్నాడు పొద్దున మళ్లీ అక్కడే. చలివేంద్రంలో కుండ మీద ఒకే గ్లాసు పెట్టి ఊరంతటినీ తాగమన్నట్టుంటుంది వ్యవహారం. ఊళ్లో ఎవరికీ జబ్బు లేనన్నాళ్లూ పర్వాలేదు.

జబ్బు వచ్చింది. దాని పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, అందరూ సీడబ్ల్యూడీ అంటారు. మొదట కనపడింది 1967లో, కొలరాడోలో పరిశోధన కోసం పెంచుతున్న జింకల్లో. దీనికి కారణం బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రయాన్ అని, మడత తప్పిన ఒక ప్రొటీను. అది పక్కనున్న మంచి ప్రొటీన్ల మడత కూడా తప్పిస్తూ పోతుంది, మెదడు స్పాంజిలా చిల్లులు పడుతుంది. మ్యాడ్ కౌ కూడా ఇదే జాతి జబ్బు. వచ్చిన జింక బతకదు. మందు లేదు, టీకా లేదు. ఇంతకంటే టెన్షన్ పెట్టే విషయం ఏమిటంటే, జబ్బు ఒంట్లోకి వచ్చాక ఏడాదిన్నర, రెండేళ్ల దాకా జింక నిక్షేపంగా కనపడుతుంది. బొమికలు తేలి, చొంగ కార్చుకుంటూ, తల వాల్చుకుని తిరిగే దశ చివర్లో వస్తుంది. ఆ లోపలే దాని ఉమ్మిలో, ఉచ్చలో, పెంటికల్లో ప్రయాన్లు బయటికి పోతుంటాయి. మట్టిలో పడితే ఏళ్ల తరబడి చావవు. ఎండకి చావవు, మామూలు వంట వేడికి చావవు.

టెక్సాస్‌లో ఇది మొదట 2012లో, ఎల్ పాసో వైపు హ్యుయెకో కొండల్లోని మ్యూల్ డీర్ అనే ఇంకో జాతి జింకల్లో బయటపడింది. 2015లో మెడీనా కౌంటీలో, కంచెల్లో జింకల్ని పెంచి అమ్మే ఒక చోట దొరికింది. అప్పటినుంచి ఒక్కో కౌంటీ పేరు జాబితాలో చేరుతూనే ఉంది. విస్కాన్సిన్‌లో 2002లో దొరికింది. అక్కడి దక్షిణ జిల్లాల్లో జింకలు నాకే ఉప్పు గుంటల మట్టిలో, నీళ్లలో ప్రయాన్లు ఉన్నట్టు 2018లో పరిశోధకులు చూపించారు. ఉప్పు గడ్డ పెట్టినా, మొక్కజొన్న పోసినా తేడా లేదు, పది నోళ్లు ఒక చోట చేరాయి, ఆ చోటు మైల పడింది. మనుషులకి ఇది సోకినట్టు ఇంతవరకూ రుజువు లేదు. అయినా జబ్బున్న జింక మాంసం తినొద్దని ఇక్కడి ఆరోగ్య శాఖ చెప్తుంది. పిల్లలకి కీమా పెట్టే ఇంట్లో ఆ మాట గాలికి వదిలెయ్యడం కష్టం. నేను కొట్టిన జింక తల పరీక్షకి ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా మాంసం ముట్టను.

ఎర ఆపితే జబ్బు పోతుందా? పోదు. ఇక్కడ మిషిగన్ కథ చెప్పాలి. అక్కడ ఒకప్పుడు ఎర అంటే బస్తాల లెక్క కాదు, ట్రక్కుల లెక్క. క్యారెట్లు, షుగర్ బీట్లు, యాపిల్స్ లారీల్లో తెచ్చి అడవిలో కుప్పలు పోసేవాళ్లు. వేట క్లబ్బులు చలికాలమంతా జింకల్ని మేపేవి, మందలు మోయలేనంత పెరిగాయి. 1994లో ఈశాన్య మిషిగన్‌లో ఒక వేటగాడు కొట్టిన జింకలో పశువుల క్షయ బయటపడింది. అడవి జింకల్లో ఈ క్షయ దానంతటది నిలవదు, ఎక్కడో ఒక చోట చల్లారిపోతుంది అని అప్పటిదాకా నమ్మకం. ఇక్కడ చల్లారలేదు. పరీక్షలు చేస్తే ఆ ప్రాంతం నడిబొడ్డున జింకల్లో సుమారు 5 శాతానికి ఉంది. ప్రభుత్వం ఆ కౌంటీల్లో మేపడం, ఎర వెయ్యడం నిషేధించి, ఎక్కువ జింకల్ని కొట్టమని లైసెన్సులు పెంచింది. కొన్నేళ్లలో అది 2 శాతం దగ్గరికి దిగింది. అక్కడే ఆగిపోయింది, పూర్తిగా పోలేదు. మధ్యలో పాడి రైతుల మందలకీ అంటుకుంది, ఆవుల్ని మందలు మందలుగా చంపాల్సి వచ్చింది. తగ్గడానికి ఎర ఆపడం ఒక్కటే కారణం అని నేను అనను, మందల్ని పల్చబరచడం కూడా పనిచేసింది. కానీ నిషేధం తర్వాత కూడా దొంగచాటుగా కుప్పలు పోసినవాళ్లు పోస్తూనే ఉన్నారు, జబ్బు పూర్తిగా ఎందుకు పోలేదని అడిగేవాళ్లు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. సీడబ్ల్యూడీ భయంతో 2019 జనవరి చివర్నుంచి మిషిగన్ కింది ద్వీపకల్పం మొత్తంలో ఎర ఆపేశారు. అక్కడ అది పెద్ద గొడవే అయింది.

ఇప్పుడు అన్యాయం సంగతి. మా లీజులో ఒక ఖమ్మం ఫ్రెండ్ ఉన్నాడు, నాకంటే చిన్నవాడు. ఈ మాట వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "అన్నా, గాలానికి వానపాము గుచ్చితే తప్పు కాదు గానీ, జింకకి గింజ వేస్తే తప్పెట్లా అయితది?" తప్పు కాదు. వాడు చెప్పేది నిజం. థియోడర్ రూజ్వెల్ట్ 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ దగ్గర్నుంచి అమెరికన్ వేటగాళ్లు జంతువుకి తప్పించుకునే అవకాశం ఇవ్వాలనే నియమం గురించి గొప్పగా చెప్తారు. మంచిదే. కానీ 150 గజాల నుంచి స్కోపు పెట్టిన రైఫిలుతో కొడుతూ, చెట్టుకి కట్టిన కెమెరా ఫోనుకి ఫోటోలు పంపిస్తుంటే కాఫీ తాగుతూ చూసుకుంటూ, ఒంటి వాసన రాకుండా స్ప్రే కొట్టుకుంటూ, మొక్కజొన్న దగ్గరికి వచ్చేసరికి న్యాయం మాట్లాడటం నాకు రుచించదు. జింక చావులో న్యాయం ఎంతుందో కొలవడానికి నా దగ్గర త్రాసు లేదు. ఎర మీద గింజ తింటూ నిలబడ్డ జింకని భుజం వెనక, గుండెకి తగిలేలా కొట్టడం, పరిగెత్తే జింకని తొడలో కొట్టి రాత్రంతా నెత్తురు జాడ వెతకడం కంటే వెయ్యి రెట్లు నయం. ఎరకి ఉన్న బలమైన వాదన అదే. నేను దాన్ని కాదనను. కదలకుండా, పక్కకి తిరిగి, దగ్గరగా దొరుకుతుంది జింక. మొదటిసారి తుపాకీ పట్టిన పిల్లలకీ, మోకాళ్లు పోయిన పెద్దాయనకీ అది పెద్ద సాయం. నగరాల్లో జింకలు మరీ పెరిగిపోయి, మునిసిపాలిటీలు షూటర్లని పెట్టి తగ్గించాల్సి వచ్చినప్పుడు వాళ్లు చేసేదీ ఇదే: రాత్రి ఎర వేసి, వచ్చినవాటిని వచ్చినట్టు కొట్టి, తీసేస్తారు. ఆ పనికి ఎర సరైన పనిముట్టే. కొన్నాళ్లు వేస్తారు, పని అయ్యాక తీసేస్తారు. మా ఫీడర్లు ఏడాది పొడవునా తిరుగుతాయి. చాలామంది సీజన్ అయిపోయినా ఆపరు, జింకలు పక్క రాంచ్‌కి అలవాటు పడతాయని.

ఆ పక్క రాంచ్ దగ్గరే ఉంది చిక్కంతా. టెక్సాస్‌లో నూటికి తొంభై పాళ్లు మించి నేల ప్రైవేటుది. ఇక్కడ ఎర చట్టబద్ధం. పెద్ద రాంచ్‌లని అన్నదమ్ములు పంచుకుని, పంచుకున్నవి మళ్లీ ముక్కలుగా అమ్ముకుని, ఇప్పుడు హిల్ కంట్రీలో, అంటే మా నడి టెక్సాస్ గుట్టల ప్రాంతంలో, 20 ఎకరాల వాడు, 50 ఎకరాల వాడు ఎక్కువయ్యారు. జింకకి ఆ హద్దులు తెలియవు. దాన్ని తన వైపు లాక్కోవడానికి ఒకడు కంచె పక్కన ఫీడర్ పెడతాడు. అవతలివాడు తన వైపు రెండు పెడతాడు. ఇవతలివాడు ప్రొటీన్ గుళికల ఫీడర్ తెస్తాడు. మా బ్లైండ్ పైకప్పు ఎక్కి చూస్తే పక్కవాళ్ల పీపాలు ఎన్ని కనపడతాయో! ఇందులో ఎవడికీ లాభం లేదు, అమ్మేవాడికి తప్ప. టెక్సాస్ నివాసికి వేట లైసెన్సు 25 డాలర్లు. మొక్కజొన్నకి దానికి ఎన్నో రెట్లు పోస్తారు. నేనొక్కణ్ణి ఆపితే జబ్బు ఆగదు, నా జింకలు పక్కకి పోతాయి అంతే. అందుకే ఇది ఎవరి మనస్సాక్షికి వాళ్లు వదిలెయ్యాల్సిన సంగతి కాదంటాను. కౌంటీ అంతటికీ ఒకే రూలు ఉండాలి, అందరూ ఒకే రోజు ఆపాలి. ఈ మాట అంటే టెక్సాస్‌లో చాలామందికి ఒళ్లు మండుతుంది. నా నేల, నా గింజ, నీకెందుకు అంటారు. నేల నీదే, గింజ నీదే, జింక మాత్రం నీది కాదు. ఇక్కడి చట్టం ప్రకారం అడవి జింక టెక్సాస్ ప్రజలందరిది.

ఎర లేకపోతే ఈ పొదల్లో జింక కనపడదనేది ఇంకో వాదన. దక్షిణ టెక్సాస్ ముళ్లపొదల్లో తిరిగినవాళ్లు ఈ మాట అంటే నమ్ముతాను. ముప్పై అడుగుల అవతల ఏముందో తెలియదక్కడ. మిగతాచోట్ల నాకు నమ్మకం లేదు. సౌత్ కరొలైనాలో చాలా ఏళ్లు తీరం వైపు కౌంటీల్లో ఎర చట్టబద్ధం, కొండ వైపు నిషేధం. ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు పక్కపక్కనే నడిచాయి. అక్కడి వన్యప్రాణి శాఖ లెక్కలు పోల్చి చూస్తే ఎర ఉన్న వైపే చదరపు మైలుకి కొట్టిన జింకలు తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. రాత్రి కూడా గింజలు అక్కడే ఉంటాయి, మనిషి ఉండడు. జింక అంత తెలివితక్కువది కాదు. పైగా గింజ కుప్ప మీద కాపలా కూర్చున్న వేటగాడు కదలడు, జింకలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో నేర్చుకోడు. అంత లెక్క చూశాక ఆ రాష్ట్రం నిషేధం పెంచిందా? లేదు, 2013లో రెండో వైపు కూడా ఎరని చట్టబద్ధం చేసింది. వేట చట్టాలు లెక్కల మీద నడవవు, అలవాట్ల మీద నడుస్తాయి.

సరే, ఫీడర్ వద్దంటే ఏం చెయ్యాలి? ఇక్కడ ఫుడ్ ప్లాట్ వస్తుంది, అంటే జింకల కోసం వేసే చేను. శీతాకాలానికి ఓట్స్, గోధుమ, క్లోవర్, టర్నిప్ లాంటివి చల్లుతారు. వేసవికి అలసందలు, అనప. అవును, మన అనపకాయే. ఇక్కడ ల్యాబ్‌ల్యాబ్ అని అమ్ముతారు. చిత్తూరు వైపు సంక్రాంతికి పితికిన అనపగింజలతో పులుసు పెడతారే, ఆ తీగ ఆకులంటే టెక్సాస్ జింకలకి ప్రాణం. ఎండకి తట్టుకుంటుంది, మాంసకృత్తులు ఎక్కువ. కాకపోతే తీగ నిలదొక్కుకునేదాకా కంచె వెయ్యాలి, లేకపోతే రెండాకుల దశలోనే కొసలు గిల్లి పెడతాయి. గిల్లిన కాడ చివర చూస్తే కత్తిరించినట్టు ఉండదు, పీకినట్టు పీచు వేలాడుతుంది, జింకలకి పైన ముందుపళ్లు ఉండవు గనక. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది. చేలో ఎవరు పడ్డారో అలా తెలిసిపోతుంది.

చాలా రాష్ట్రాల్లో గింజ పోస్తే ఎర, అదే గింజ విత్తితే వ్యవసాయం. ఎర నిషేధించిన చోట కూడా చేను మీద వేటాడవచ్చు. ఇది కపటం అని ఫీడర్ వాళ్లు ఎగతాళి చేస్తారు. ట్రాక్టరు, పదెకరాల నేల ఉన్నవాడికి ఒక న్యాయం, బస్తా కొనుక్కునేవాడికి ఒక న్యాయమా అని అడుగుతారు. ఈ మాటలో పస ఉంది. చేను వేసుకున్నవాళ్లలో కొందరు ఫీడర్ వాళ్లకి శ్రీరంగనీతులు చెప్పడం నేనూ విన్నాను. ఇద్దరూ చేసేది జింకని తిండితో పిలవడమే. అయినా రెంటికీ తేడా ఉంది. నాలుగెకరాల చేలో జింకలు విడివిడిగా మేస్తాయి, నిలబడ్డ ఆకుని కొస గిల్లి ముందుకి కదులుతాయి. నోరు నేలకి తగిలేది తక్కువ, రేపు అదే ఆకు దగ్గరికి ఇంకొకటి రాదు. తిండి ఒక గంట టైమరు మీద రాదు కాబట్టి గుంపుగా తొక్కిసలాట ఉండదు. నేలకి చెడుపు లేదు, తేనెటీగలకీ నెమలి జాతి టర్కీలకీ పిట్టలకీ పనికొస్తుంది. ఇదంతా చేను చేనులా ఉన్నప్పుడు. బ్లైండ్ ముందు పాతిక సెంట్ల ముక్కలో క్లోవర్ చల్లి, మధ్యలో ఉప్పు గడ్డ పెట్టి, దానికి ఫుడ్ ప్లాట్ అని పేరు పెడితే నా దృష్టిలో అది పచ్చరంగు వేసిన ఫీడర్. దాన్ని కూడా ఫీడర్ లెక్కలోనే కట్టాలి.

బాతుల విషయంలో ఈ దేశం ఈ ప్రశ్నని ఎప్పుడో తేల్చేసుకుంది. 1930ల కరువుకి చెరువులెండి బాతులు దారుణంగా పడిపోయాయి. 1935లో కేంద్ర ప్రభుత్వం బాతులకి ఎర వేసి వేటాడటం నిషేధించింది. ఇప్పటికీ అదే రూలు, పావురాలకి కూడా. పొద్దుతిరుగుడు చేను కోసి గింజలు అక్కడే రాలితే ఆ చేలో పావురాల్ని కొట్టొచ్చు. అదే గింజలు బస్తాలో తెచ్చి చల్లితే నేరం. ఎర పూర్తిగా ఊడ్చేసినా పది రోజులదాకా అది ఎర వేసిన చోటే అని లెక్క. టెక్సాస్‌లో సెప్టెంబరులో పావురాల వేటకి వెళ్లేవాడు ఈ రూలు నోరెత్తకుండా పాటిస్తాడు. అదే మనిషి రెండు నెలల తర్వాత జింకల దగ్గర ఈ మాట ఎత్తితే స్వేచ్ఛ పోయిందంటాడు. వలస పక్షి మీద కేంద్రానికి అధికారం ఉంది, జింక మీద రాష్ట్రానిది. ఆ తేడా అక్కడినుంచి వచ్చిందే.

మొక్కజొన్న గురించి కూడా ఒక మాట. ఫీడర్‌లో పోసేది ఎప్పుడూ మంచి గింజ కాదు. పీపాలోకి వాన నీళ్లు దిగి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అనంతపురం వేరుశనగ రైతులకి ఈ పేరు కొత్త కాదు. జింకలు కొంత తట్టుకున్నా, అదే గింజ ఏరుకునే టర్కీలూ కంజులూ తట్టుకోలేవు. ఇక మంచు పడే ఉత్తర రాష్ట్రాల్లో, చలికాలమంతా కొమ్మలు, మొగ్గలు తిన్న జింకకి జాలిపడి ఒక్కసారిగా మొక్కజొన్న పోస్తే దాని కడుపులో పిండి పులిసి ఆమ్లం పెరిగి చచ్చిపోతుంది. కోసి చూస్తే కడుపు నిండా గింజలే. ఇక్కడ అంత చలి లేదు గానీ అడవిపందులున్నాయి, రకూన్లున్నాయి. రాత్రిపూట కెమెరాలో చూస్తే మా పీపా పళ్లెం పట్టుకుని రకూన్ వేలాడుతూ చేత్తో తిప్పుకుని తింటుంటుంది. టర్కీ గుడ్లు తినేది కూడా అదే. పందుల సంగతి చెప్పనక్కర్లేదు. రాష్ట్రమంతా పందుల్ని వదిలించుకోవడానికి హెలికాప్టర్లు ఎక్కి కాలుస్తూ, ఇంకో చేత్తో లక్షల బస్తాలు పోసి వాటిని మేపుతున్నాం.

తెలుగువాళ్లకి ఇందులో ఒక విచిత్రం ఉంది. 1920లు, 30ల్లో ఇక్కడి రాంచ్‌ల వాళ్లు ఇండియా జాతులైన చుక్కల దుప్పుల్ని, కృష్ణజింకల్ని, మనుబోతుల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు హిల్ కంట్రీలో చుక్కల దుప్పులు కంచెలు దాటి మందలుగా తిరుగుతున్నాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, రెండూ టెక్సాస్ ఫీడర్ కింద మొక్కజొన్న తింటూ కనపడతాయి. వాటికి ఇక్కడ సీజన్ లేదు, ఇన్నే కొట్టాలని లెక్క లేదు. లైసెన్సు, నేల యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా కొట్టొచ్చు. పెద్ద కొమ్ముల దుప్పికి రాంచ్‌ల వాళ్లు వేల డాలర్లు తీసుకుంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం చూస్తే, వేట అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే ఎర వెయ్యడం కూడా ఉంది. తుపాకీ పేల్చకపోయినా, పట్టుకోవడానికో చంపడానికో ఎర పెట్టావంటే వేటాడినట్టే. నల్లమలలో జైలుకి పంపే పని ఇక్కడ పెట్రోలు బంకులో సరుకు. మొదటిసారి ఫీడర్ దగ్గర దుప్పి తోకెత్తి నిలబడితే మా వాళ్లలో ఒకాయన తుపాకీ దించేశాడు, నావల్ల కాదు అని. ఆయనే పక్కనున్న తెల్లతోక జింకని మాత్రం నిర్భయంగా కొడతాడు. తెల్లతోక జింక తినాల్సిన లేత కొమ్మల్ని దుప్పి తింటుంది, కొమ్మలు అయిపోతే గడ్డి మీద కూడా బతికేస్తుంది, తెల్లతోకది బతకలేదు. ఇక్కడి అడవి కోసమైతే కొట్టాల్సింది ముందు దుప్పినే. ఆయనకి ఈ లెక్కంతా తెలుసు, అయినా చెయ్యి రాదు. నేను వాదించలేదు.

మా లీజులో ఈ ఏడాది ఇదంతా బల్ల మీద పెట్టాను. రాంచ్ యజమాని డెబ్బై దాటిన మనిషి, ఆయన తండ్రి కాలం నుంచీ మొక్కజొన్న పోస్తున్నారు. ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు: లీజుకి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఫీడర్లు ఎన్ని ఉన్నాయని. తీసేస్తే లీజు రేటు పడిపోతుంది, పన్నులు మాత్రం పడవు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఖమ్మం తమ్ముడు ఇంకో మెలిక పెట్టాడు: "అన్నా, మనం ఆపినా పక్కోడు పోస్తడు. జబ్బు అక్కడ్నుంచి వస్తది. మనకి జింకలూ పోయె, జబ్బూ వచ్చె." కౌంటీ రూలు లేకుండా ఆ లెక్క తప్పని నిరూపించడం నావల్ల కాలేదు.

చివరికి కుదిరింది ఇంత. సీజన్ అయిపోయిన వారంలో ఫీడర్లన్నీ ఆపాలి, సెప్టెంబరు దాకా మళ్లీ తిప్పకూడదు. ఉప్పు గడ్డలు పూర్తిగా బంద్. పాత పశువుల దొడ్డి పక్కన మూడెకరాల్లో కంచె వేసి ఈ వేసవికి అనప, అలసంద చల్లుతాం, విత్తనాల ఖర్చు అందరం పంచుకుంటాం. కొట్టిన ప్రతి జింక తల పరీక్షకి వెళ్లాలి. మా కౌంటీలో గానీ ఆనుకుని ఉన్న కౌంటీల్లో గానీ అడవి జింకలో ఒక్క పాజిటివ్ వచ్చినా పీపాలు దించెయ్యాలి. ఈ ఆఖరి షరతుకి ఇద్దరు సంతకం పెట్టలేదు. వచ్చినప్పుడు చూద్దాం అంటున్నారు. రాంచ్ యజమాని వాళ్ల వైపే ఉన్నాడు. లీజు కాగితాలు ఆగస్టులో మళ్లీ రాసుకోవాలి, ఆ షరతు లేకపోతే నేను ఉండాలా వద్దా అన్నది అప్పుడు తేలుతుంది.